అలల కాగితం

తన కుర్చీలో కూర్చోబోయే మనిషికి తననే పాఠం చెప్పమంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. గిడియోన్‌కూ మండింది. కాకపోతే అతను అరిచి, బల్ల గుద్ది, తలుపు ధడేల్మని వేసి పోయే రకం కాదు. లోపల పొయ్యి రాజేసుకుని పైకి నవ్వే రకం. మొరిగే కుక్క కరవదని పెద్దలు అన్నారు గానీ, మొరగని దాని సంగతి ఎవరూ చెప్పలేదు.

మేడ్చల్ దాటాక హైవే పక్కన మందుసీసాలకు ప్లాస్టిక్ మూతలు పోసే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. అందులో మిషన్లన్నీ చైనావి. మిషన్‌తో పాటు దాన్ని బిగించే మనిషీ అక్కడి నుంచే వస్తాడు. ఆ వచ్చినవాడికి తెలుగు రాదు, ఇక్కడివాళ్ళకు చైనా భాష రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ అంతంత మాత్రం. ఫోన్‌లో తర్జుమా చేసుకుందామంటే ఫోన్లన్నీ గేటు దగ్గర సెక్యూరిటీకి ఇచ్చి లోపలికి పోవాలి. కాబట్టి మధ్యలో ఒక దుబాసీ ఉండాల్సిందే. ఎనిమిదేళ్ళుగా ఆ దుబాసీ గిడియోన్.

అసలు అతను డాక్టరు కావాల్సినవాడు. చైనాలో సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో ఆరేళ్ళు వైద్యం చదివి పట్టా పుచ్చుకుని వచ్చాడు. ఇక్కడ వైద్యం చేయాలంటే ఇంకో పరీక్ష రాయాలి. నాలుగుసార్లు రాశాడు, నాలుగుసార్లూ తప్పాడు. ఐదోసారి దరఖాస్తు తెచ్చుకుని నింపకుండానే చించేశాడు. ఆ ఆరేళ్ళ చదువులో కూడు పెట్టింది వైద్యం కాదు, హాస్టల్లో వంటమనిషితో, చేపల మార్కెట్లో ముసలమ్మలతో మాట్లాడి నేర్చుకున్న భాష. ఫ్యాక్టరీలో అందరూ అతన్ని ‘డాక్టర్ సాబ్’ అంటారు. ఆ పిలుపులో గౌరవం వెతికితే ఆవగింజంత కూడా దొరకదు. అయినా ఓర్చుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషికి ఈ భూమ్మీద చేతనైన పని అదొక్కటే, ఆ పని ఉన్న చోటు అదొక్కటే.

ఆ చోటికే ఎసరు వచ్చింది. మేనేజరు రాజారావు ఒకరోజు పిలిచి, దూలపల్లి నుంచి అశ్రిత అనే అమ్మాయి వస్తోందని, చైనా భాషలో రెండేళ్ళ డిప్లొమా చేసిందని, టైపింగూ మెయిల్సూ అన్నీ వచ్చునని చెప్పాడు. రెండు నెలలు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పమన్నాడు. ఆ తరువాత తన సంగతేమిటని గిడియోన్ అడిగితే, రాజారావు కంప్యూటర్ లోంచి తల ఎత్తకుండా, “చూద్దాంలే డాక్టరూ” అన్నాడు. ఆ ‘చూద్దాం’ అనే మాటకు అర్థం చెప్పడానికి దుబాసీ అక్కర్లేదు.

అశ్రిత చురుకైన పిల్ల. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. చదవడం, రాయడం గిడియోన్ కంటే బాగా వచ్చు. మనుషులు మాట్లాడే భాషే సరిగా రాదు. అందులోనూ ఆ ఏడు కొత్త మిషన్ బిగించడానికి వచ్చిన ఫాంగ్ మాట ఎవరికైనా కష్టమే. ఫాంగ్‌కు అరవై దగ్గర పడుతున్నాయి. సముద్రం మీద చేపలు పట్టే ఇంట్లో పుట్టి మిషన్లలోకి వచ్చినవాడు. అతన్ని అందరూ ఫాంగ్ షిఫు అనేవారు. షిఫు అంటే మన దగ్గర మేస్త్రీ లాంటి పిలుపు. ఆ మనిషి నోరు తెరిస్తే గాలి, అల తప్ప ఇంకో మాట రాదు. మోటారు కాలితే అల, టీ చల్లారితే అల, వాళ్ళావిడ ఫోన్‌లో తిడితే అదీ అలే.

ఆ పిల్లను మొదటిసారి చూసినప్పుడు ఫాంగ్ గిడియోన్ భుజం మీద చరిచి, వెనక అల ముందు అలను తోస్తుందని అన్నాడు. వాళ్ళ దేశంలో అది మంచి మాట. పిల్లలు అందుకుంటున్నారు, పెద్దల పని ముందుకు పోతోంది అని దీవెన. గిడియోన్‌కు ఆ సంగతి బాగా తెలుసు. కానీ మనసు ఆ మాటను దాని అర్థంలో ఉండనిచ్చిందా? కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకుపోయింది అనే మన మాట పక్కన తెచ్చి పెట్టుకుంది. తోయడానికీ కొట్టుకుపోవడానికీ ఎంత తేడా! ఆ తేడా తెలిసినవాడే ఆ రోజంతా దాన్ని మింగలేక, కక్కలేక తిరిగాడు.

వారం తిరక్కుండానే అశ్రిత ఒక కోరిక కోరింది. ఫాంగ్ మాట్లాడే అలల సామెతలన్నీ ఒక కాగితం మీద రాసిమ్మంది. గిడియోన్ క్యాంటీన్‌లో కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే, ఆ పనిలో కూర్చుంటే అతను తన ఏడుపంతా మర్చిపోతాడు. గాలి లేనిదే అల లేవదు, అంటే నిప్పు లేనిదే పొగ రాదు. ఒక అల పడకముందే ఇంకో అల లేచింది, అంటే గోరుచుట్టు మీద రోకటిపోటు. అలకు అల తోడు చేయడం, అంటే అగ్గిలో నెయ్యి పోయడం. అలతో పాటు కొట్టుకుపోయేవాడు, అంటే గాలివాటం మనిషి. గాలి ఆగి అలలు పడుకున్నాయి, అంటే అంతా నెమ్మది. పెద్ద అల ఇసుకను జల్లిస్తుంది, అంటే గట్టివాళ్ళే మిగులుతారు. చైనా అక్షరాలు ఒకవైపు, తెలుగు ఇంకోవైపు, ముత్యాల్లాంటి చేతిరాత.

ఏడోది రాయబోతే వెనక అల, ముందు అల వచ్చింది. కలం ఆగిపోయింది. దాని అర్థం సరిగ్గానే రాశాడు. ఎనిమిదోది ఏదో రాశాడు. తొమ్మిది, పది మిగిలాయి. ఛంగ్ ఫంగ్ ఫో లాంగ్, గాలిని ఎక్కి అలను చీల్చడం, అంటే ఎంత కష్టమొచ్చినా ఎదురెళ్ళి గట్టెక్కే మొనగాడు. శింగ్ ఫంగ్ జ్వో లాంగ్, గాలిని రేపి అలను లేపడం, అంటే పుల్లలు పెట్టి తగవులు రేపే మనిషి. రెండిట్లోనూ గాలి ఉంది, రెండిట్లోనూ అల ఉంది. కొత్తవాళ్ళకు ఒకేలా కనబడతాయి. గిడియోన్ అటూ ఇటూ చూశాడు. మొదటిదాని పక్కన తగవులు రేపేవాడని, రెండోదాని పక్కన మొనగాడని రాశాడు. పాపానికి ఇంత చక్కటి చేతిరాత ఎందుకో.

అతని లెక్క చాలా చిన్నది. ఎప్పుడో ఒక మీటింగులో ఆ పిల్ల ఫాంగ్‌ను పొగడబోయి తగవులమారి అంటుంది. అందరూ బిత్తరపోతారు. అప్పుడు తను లేచి, పోనీలెండి చిన్నపిల్ల అని సర్దిచెప్పి, అసలు అర్థం చెబుతాడు. అనుభవం అంటే ఏమిటో రాజారావుకు అప్పుడు తెలిసొస్తుంది. కాగితం తీసుకుని అశ్రిత దండం పెట్టినంత పనిచేసింది. “మీరు లేకపోతే మస్తు పరేషాన్ అయ్యేదాన్ని అన్నా” అంది. గిడియోన్ నవ్వాడు.

అనుకున్న రోజు వచ్చింది. అనుకున్నట్టు మాత్రం రాలేదు. కొత్త మిషన్ లైనుకు ఇన్‌చార్జి కావాలి. పోటీలో ముగ్గురున్నారు: భిక్షం, ధర్మేందర్, శివ. భిక్షం పాతకాపు. ధర్మేందర్ రాజారావు బావమరిది. శివ శామీర్‌పేట చెరువు మీద చేపలు పట్టే ఎంకయ్య కొడుకు. అంతకు ముందు వారం మిషన్ ట్రయల్ వేస్తున్నప్పుడు ఆయిల్ పైపు ఒకటి పగిలి వేడి నూనె చిమ్మితే, ధర్మేందర్‌తో సహా అంతా తలుపు దిక్కు పరుగెత్తారు. శివ ఒక్కడే నూనెకు ఎదురెళ్ళి మెయిన్ స్విచ్ ఆపాడు. మోచేయి కాలింది. ఫాంగ్ ఆ మోచేతికి తానే మందు రాశాడు. భాష తెలియని ఆ ఇద్దరూ ఆ తరువాత భోజనాల వేళ పక్కపక్కన కూర్చుని, వల ఎలా అల్లాలో ఒకరికొకరు చేతులతో చెప్పుకునేవారు.

రాజారావుకు మాత్రం శివ అంటే గిట్టదు. పోయిన ఎండాకాలం షెడ్డులో ఫ్యాన్లు వేయించమని పదిమందిని వెంటేసుకుని ఆఫీసుకు వచ్చింది అతనే.

గురువారం మధ్యాహ్నం మీటింగు. అశ్రిత తొలిసారి ఒంటరిగా దుబాసీ పని చేసింది. గిడియోన్‌ను ఊరికే చూడమని బల్ల చివర కూర్చోబెట్టారు. రాజారావు ముగ్గురి గురించి తలా ఒక మాట చెప్పమని ఫాంగ్‌ను అడిగాడు. భిక్షానికి ఫాంగ్, గాలి ఆగి అలలు పడుకున్నాయని అన్నాడు. నెమ్మదస్తుడు, నమ్మొచ్చు అని అశ్రిత చెప్పింది. ధర్మేందర్‌కు, అలతో కొట్టుకుపోయేవాడని అన్నాడు. గాలివాటం మనిషి అని ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. రాజారావు ముఖం ఆముదం తాగినట్టయింది. ఇక శివ. ఫాంగ్, ఛంగ్ ఫంగ్ ఫో లాంగ్ అన్నాడు. ఆ మనిషి ముఖంలో మెచ్చుకోలూ తిట్టూ ఒకేలా ఉంటాయి.

అశ్రిత కాగితం మీద వేలు పెట్టి చూసుకుంది. తల ఎత్తి గిడియోన్ వైపు చూసింది. ఇదేనా అన్నా అని ఆ చూపు అడిగింది. గిడియోన్ మంచినీళ్ళ గ్లాసులోకి చూశాడు.

“తగవులు రేపే మనిషి అంటున్నడు సార్” అంది అశ్రిత.

రాజారావు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. చూశారా, పైదేశం మనిషికి కూడా తెలిసిపోయింది అన్నాడు. గిడియోన్ దిద్దడానికి నోరు తెరిచాడు. ఎదురుచూసిన క్షణం అదే కదా. ఇప్పుడు చెబితే ఆ పిల్ల పని అయిపోతుంది, తన కుర్చీ తనకు దక్కుతుంది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. అశ్రిత ముందు బల్ల మీద కాగితం వెల్లకిలా పడి ఉంది, తొమ్మిదో వరస మీద ఆమె వేలు ఉంది, రాత తనది. తప్పు ఆమెదని అన్న మరుక్షణం ఆమె కాగితం ఎత్తి చూపుతుంది. ఎదుటివాడికి తవ్విన గోతిలో ముందు తను దిగితే తప్ప ఎవరినీ తోయలేని పరిస్థితి. గిడియోన్ నోరు మూసుకున్నాడు.

గాలివాటం అయితే మాత్రం ఏం, చెప్పిన మాట వింటాడు అని చెప్పి రాజారావు లైనును బావమరిదికి ఇచ్చాడు. మర్నాడు పొద్దున శివ గేటు దగ్గరికి వస్తే, కాంట్రాక్టు అయిపోయింది, ఇక రానక్కర్లేదని సెక్యూరిటీ చేత చెప్పించాడు. ఫాంగ్‌కు ఇదేమీ తెలియదు. శుక్ర, శనివారాలు జీడిమెట్లలో ఇంకో మిషన్ పని మీద వెళ్ళాడు.

శనివారం గిడియోన్ శామీర్‌పేట పోయాడు. ఆదివారం కూరకు చేపలు తేవడం, అదీ శివ వాళ్ళమ్మ యాదవ్వ దగ్గరే తేవడం ఎన్నాళ్ళ నుంచో అలవాటు. ఆ రోజు పోకుండా ఉంటే అనుమానం వస్తుందేమోనని పోయాడు. అపరాధం చేసినవాడికి ఇలాంటి తెలివితేటలు ఎక్కువ. కరీంనగర్ రోడ్డు పక్కన నాలుగు కర్రల మీద కట్టిన తాటిపత్రి పట్టా కింద యాదవ్వ తక్కెడ ముందు కూర్చుంది. పక్కన శివ కత్తిపీట మీద చేపల పొలుసు తీస్తున్నాడు. మోచేతి మీద కాలిన మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

శివ మామూలుగానే పలకరించాడు. రెండు చేపలు కోశాడు. తరువాత కత్తిపీట పక్కకు జరిపాడు.

“గిడియోనన్నా, గా షిఫు నన్ను తగవులమారి అన్నడంట. నా చేతికి మందు రాసిన మనిషి గట్లంటడా? నమ్మబుద్ధి అయితలేదు. నువ్వు ఆడనే ఉన్నవ్ గదా. నిజంగ ఏమన్నడో నువ్వు జెప్పు, ఇంటా.”

నిజం చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషంలో ఎనిమిదేళ్ళ కుర్చీ పోతుంది.

“నాకు సరిగ్గ ఇనవడలే శివా. నేను దూరం కూసున్న” అన్నాడు.

యాదవ్వ అప్పటిదాకా తల ఎత్తలేదు. చేపలను కవర్‌లో వేసి అతని ముందుకు నెట్టింది. “ఇనవడనోడివి, గా చెవుల పని ఎందుకు జేస్తున్నవ్ మరి” అంది. గిడియోన్ కవర్ తీసుకుని బండి ఎక్కాడు. దారంతా ఆ ముసలిదాన్ని మనసులో తిట్టుకున్నాడు. చదువు రాని మనిషికి ఇంత నోరెందుకని తిట్టుకున్నాడు. తిట్టుకుంటే కొంచెం తేలికవుతుందనుకున్నాడు గానీ, అల్వాల్ రోడ్డు దాటేదాకా చెవుల్లో ఆ మాటే మోగింది.

మర్నాడు నెల మొదటి ఆదివారం. చర్చిలో ప్రభువు బల్ల ఇచ్చే రోజు. రొట్టె పళ్ళెం వరసల వెంట చేతులు మారుతూ వస్తుంది. తోటివాడికి అన్యాయం చేసి సరిదిద్దుకోనివాడు ఆ రొట్టె ముట్టకూడదు, ముట్టితే శిక్ష కొనితెచ్చుకున్నట్టే. చిన్నప్పటి నుంచి ఉగ్గుపాలతో తాగిన భయం అది. పరీక్ష తప్పినప్పుడు దేవుడి మీద అలిగినవాడు కూడా ఏ నెలా రొట్టె మానలేదు. ఆ రోజు పళ్ళెం చేతికి వచ్చింది. గిడియోన్ రెండు వేళ్ళు చాపి, మళ్ళీ ముడిచి, పళ్ళేన్ని తల్లి మరియమ్మ చేతికి దాటించాడు.

మరియమ్మ చూసింది. ప్రార్థన అయి మెట్లు దిగుతుండగా కొడుకు పక్కకు వచ్చి, “పళ్లెం ఊకె పంపినవ్. ఎవలకు ఏం జేసినవ్?” అని అడిగింది. ఒంట్లో బాగాలేదన్నాడు. జ్వరమొచ్చినోడు కూడా రొట్టె తింటాడని చెప్పి ఆమె ముందుకు నడిచి పోయింది. ఏం జరిగిందని అడిగి ఉంటే ఏదో ఒక కథ చెప్పేవాడు. ఆమె అడిగింది అది కాదు. అందుకే కోపం ఇంకా ఎక్కువ వచ్చింది.

చర్చి గేటు బయట అశ్రిత స్కూటీ మీద కూర్చుని ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఏడ్చిన కళ్ళే అవి, కానీ అప్పుడు వాటిలో ఏడుపు లేదు. ఆమె శనివారం సాయంత్రం ఇంట్లో, మనసు ఆగక, ఆ మాటను ఫోన్‌లో చూసుకుంది. ఒక చోట కాదు, నాలుగు చోట్ల చూసింది. తరువాత పదో వరస కూడా చూసింది. ఒక్కటి తప్పితే పొరపాటు అనుకునేదట. రెండూ ఒకదానికొకటి మారి ఉంటే పొరపాటు ఎలా అవుతుంది?

“పొద్దున రాజారావు సార్‌కు ఫోన్ జేసిన” అంది. “నేను తప్పు జెప్పిన, శివను మెచ్చుకున్నడు అని జెప్పిన. ఆయన ఏమన్నడో ఎరుకనా? నాకు కావాల్సిన మాట నాకొచ్చింది, నువ్విగ రాకు అన్నడు.”

గిడియోన్ ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“మీ పేరు జెప్పలే. మంచితనం అనుకోకండ్రి. జెప్తే ఇద్దరం పోతం, గా శివ మాత్రం రాడు. షిఫు మాట జెప్పెటోడు ఒక్కడన్న ఆడ ఉండాలె. మీరొక్కరే మిగిలిన్రు. నా ఖర్మ, శివ ఖర్మ, మీరే మిగిలిన్రు.” బ్యాగులోంచి ఆ కాగితం తీసి అతని తెల్లచొక్కా మీదికి విసిరింది. “ఇది నా దగ్గరుంటే దీన్ని పట్టుకొని మీ ఇంటి మీదికి రావాలనిపిస్తది. తీస్కోండ్రి. మీకు కావాల్సింది మీకొచ్చింది.”

కాగితం కింద పడింది. చర్చి జనం చూస్తుండగా గిడియోన్ వంగి తీసుకున్నాడు. ఆమె స్కూటీ మలుపు తిరగకముందే జేబులో ఫోన్ మోగింది. రాజారావు. ఎన్నడూ లేనిది, “గిడియోన్ గారూ” అన్నాడు. రేపటి నుంచి ఆ అమ్మాయి రాదని, పాతవాళ్ళు పాతవాళ్ళేనని, పోస్టు పర్మనెంటు చేయిస్తానని చెప్పాడు. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం, ఆ శివ ప్రస్తావన తేకండి, అది అయిపోయిన సంగతి అన్నాడు.

ఎనిమిదేళ్ళు కోరుకున్నది ఒక్క ఫోన్‌లో వచ్చి పడింది. సాక్ష్యం తన జేబులోనే ఉంది, అగ్గిపుల్ల గీస్తే చాలు. గిడియోన్ ఇంటికి పోయి, అన్నం ముందు కూర్చుని, యాదవ్వ ఇచ్చిన చేపల కూర కలుపుకున్నాడు. ముద్ద దిగలేదు. ఒక్కసారిగా అందరి మీదా కోపం వచ్చింది. పళ్ళెం చూసిన తల్లి మీద, పేరు చెప్పకుండా వదిలేసిన ఆ పిల్ల మీద, అన్నా అని పిలిచిన శివ మీద. తిట్టి కొట్టి ఉంటే తను కూడా తిరగబడేవాడు. వాళ్ళు ఆ వీలు కూడా ఇవ్వలేదు.

సోమవారం పొద్దున కొత్త మిషన్ ఆఖరి ట్రయల్. ఫాంగ్ చొక్కా చేతులు పైకి మడిచి వచ్చాడు. మిషన్ ముందు ధర్మేందర్ కొత్త యూనిఫాంలో నిలబడ్డాడు. రాజారావు పక్కన గిడియోన్. ఫాంగ్ లైను మొత్తం ఒకసారి చూసి, నూనెకు ఎదురెళ్ళిన పిల్లగాడు ఏడని చైనా మాటలో అడిగాడు. ఆ అమ్మాయి కూడా కనబడదేమని అడిగాడు. ఏమంటున్నాడని రాజారావు అంటే గిడియోన్ చెప్పాడు.

“వాళ్ళమ్మకు ఒంట్లో బాగోలేదు, సెలవు పెట్టాడని చెప్పండి” అన్నాడు రాజారావు. “అమ్మాయి మానేసిందనండి.”

గిడియోన్ ఫాంగ్ వైపు తిరిగాడు. ఇద్దరి మధ్యా ఉన్నది తనొక్కడే. ఏం చెప్పినా రాజారావుకు తెలియదు. నోరు తెరిచాడు. పెద్ద తెగువ ఏమీ లేదు అందులో. చెప్పకుండా ఇంకో పూట బతకడం చేతకాక చెప్పాడు, అంతే.

“షిఫూ, పిల్లగాడి తల్లి జబ్బుపడిందని చెప్పమన్నాడు. అది అబద్ధం. మీరు గురువారం అతన్ని మెచ్చుకుంటే, తగవులు రేపేవాడన్నారని ఇక్కడ చెప్పారు. అతన్ని పనిలోంచి తీసేశారు. ఆ అమ్మాయి తప్పు లేదు. అర్థం మార్చి రాసిచ్చింది నేను. ఆమెను వెళ్ళగొట్టాలని కావాలనే మార్చాను. మీరు ఆ మాట అన్నప్పుడు అక్కడే కూర్చుని విన్నాను, దిద్దలేదు.”

ఇంత పొడుగు చెప్పారేమిటని రాజారావు అడిగాడు. గిడియోన్ అతని వైపు తిరిగి అదే మాట తెలుగులో మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. జేబులోంచి కాగితం తీసి చేతికిచ్చాడు. ధర్మేందర్ నేల చూపులు చూశాడు. వెనక నుంచి భిక్షం, థూ అని ఉమ్మాడు. రాజారావు ముఖం కందగడ్డలా ఎర్రబడింది. నీకు పిచ్చిపట్టిందా, నోటి దాకా వచ్చిన కూడు కాలదన్నుకుంటావా అని ఏకవచనంలోకి దిగాడు.

ఫాంగ్ మిషన్లు తుడిచే బనియన్ వేస్ట్ గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడిచాడు. ఆ తరువాత, రాజారావు కళ్ళలోకి చూస్తూ, ఆగి ఆగి మాట్లాడాడు. దుబాసీ పనిలో ఒక రివాజు ఉంది. ఆయన ఇలా అంటున్నాడు అని చెప్పకూడదు. మాట్లాడేవాడి నోరు తానే అయి, వాడు నేను అంటే తనూ నేను అనాలి. గిడియోన్ ఆ రోజు కూడా రివాజు తప్పలేదు.

“శివ వచ్చి ఈ మిషన్ ముందు నిలబడేదాకా నేను స్విచ్ వేయను” అని చెప్పాడు. “మిషన్ ఇలాగే వదిలేసి మా కంపెనీకి రాస్తాను. ఆ అమ్మాయిని పిలిపించండి. తెలియనిదాన్ని అడిగి తెలుసుకునే మనిషి ఆమె. అలాంటివాళ్ళతో నేను పని చేయగలను.”

ఫాంగ్ ఇంకా ఆపలేదు. గిడియోన్ విన్నాడు. విని, అదీ చెప్పాడు.

“ఈ మనిషిని ఇన్నాళ్ళూ నా తమ్ముడనుకున్నాను. ఇతనికి రెండు భాషలూ బాగా వచ్చు, అందుకే ఇతన్ని చూస్తే నాకు భయం. ఇతని నోటితో నేను మాట్లాడటం ఇదే ఆఖరు.”

“ఎవరి గురించయ్యా?” అన్నాడు రాజారావు.

“నా గురించే సార్” అన్నాడు గిడియోన్.

మొత్తం చెప్పావా అని ఫాంగ్ అడిగాడు. ఒక్క ముక్క వదల్లేదని గిడియోన్ చెప్పాడు. ఫాంగ్ తల ఊపి మిషన్ వైపు తిరిగాడు, మళ్ళీ అతని వంక చూడలేదు. రాజారావు బండబూతులు తిట్టి, నువ్వు బయటికి నడువన్నాడు. తిడుతూనే, ఆ శివ ఫోన్ నంబరు ఎవడి దగ్గరుందిరా అని అరిచాడు. మిషన్ ఆగితే పైవాళ్ళకు జవాబు చెప్పాల్సింది తనే కదా.

గిడియోన్ గేటు దగ్గర కార్డు ఇచ్చేసి తన ఫోన్ తీసుకున్నాడు. రోడ్డు మీదికి వచ్చి శివకు తనే ఫోన్ చేశాడు. శివ ఆ మాట రాజారావు నోట కాకుండా తన నోట వినాలనిపించింది. షిఫు ఏమన్నాడో చెప్పాడు. తను ఏం చేశాడో, తాటిపత్రి కింద ఎందుకు అబద్ధమాడాడో కూడా చెప్పాడు. షిఫు మిషన్ ఆపి కూర్చున్నాడని, నిన్ను పిలుస్తున్నాడని, జల్దీ రమ్మని చెప్పాడు. అవతల నుంచి లారీల మోత, చేపల బేరాల అరుపులు వినిపించాయి.

“గిప్పుడు జెప్పేది మాత్రం నిజమని నాకెట్ల తెలుస్తది?” అన్నాడు శివ.

“నేనే జెప్తున్న గద శివా.”

“గందుకే అడుగుతున్న” అన్నాడు శివ. “ఇంకెవలతోనన్న జెప్పియ్యి, వస్త.”

ఫోన్ పెట్టేశాడు. గిడియోన్ కాసేపు హైవే అంచున ఎండలో నిలబడ్డాడు. తరువాత ఫోన్‌లో అశ్రిత నంబరు వెతికి కలిపాడు. ఆమె ఎత్తలేదు. మళ్ళీ కలిపాడు.